జరెంబావారి బిడ్డ

ఇంటి ముందు పోస్టుడబ్బా మీద తెల్లరంగుతో రాసిన ఇంటిపేరును హైమ వచ్చిన కొత్తలో చదవలేకపోయింది. తొమ్మిదో తరగతి సగంలో బడి మానిపించేసిన మనిషి. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోవడమే తప్ప గడగడా రాదు. భర్త ఆదిశేషు కారులోంచి సామాన్లు దించుతూ చదివి చెప్పాడు.

"జరెంబా. పోలండ్ వాళ్ల ఇంటిపేరు."

"ఇంటిపేరొక్కటే రాసుకున్నారు, మనిషి పేరు లేదేటి?"

"ఇక్కడంతే. ఇంటిపేరే మనిషి."

ఆ మాట ఆవిడ మనసులో ఓ మూల పడి ఉండిపోయింది.

అమెరికాలోని పిస్కాటవేలో అది రెండంతస్తుల చెక్క ఇల్లు. కింద ఇంటాయన ఒక్కడే, పైన వీళ్లిద్దరు. ఆదిశేషుకి మందుల కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగం. జరెంబా ముసలాయనకి డెబ్భై దగ్గరపడ్డాయి. భార్య పోయింది. వయసులో ఉన్నప్పుడు ఫ్యాక్టరీలో యంత్రం కింద నలిగిపోయిన ఎడమకాలిని ఈడ్చుకుంటూ పెరట్లో క్యాబేజీ, బీట్‌రూట్ పండించేవాడు. హైమ వెనక మెట్లు దిగితే ఎదురుగా ఆయన వంటింటి తలుపు. ఇచ్చిపుచ్చుకోవడాలన్నీ అక్కడే. ఈవిడ పప్పుచారు గిన్నె ఇస్తే ఆయన ఆ గిన్నె కడిగి, బీట్‌రూట్ చారు పోసి తిరిగి ఇచ్చేవాడు. ఆయనకి తీరిక ఎక్కువ, ఈవిడకి ఇంగ్లీషు తక్కువ. అందుకని ఒక్కో మాటా విడదీసి, నెమ్మదిగా, పసిపిల్లకి చెప్పినట్టు చెప్పేవాడు. ఆ దేశంలో హైమకి పూర్తిగా అర్థమయ్యే ఇంగ్లీషు ఆయనదొక్కటే.

ఆ వంటింటి అవతల ఒక ముందుగది ఉండేది. దాని తలుపు ఎప్పుడూ మూసే ఉండేది. లోపల ఏముందని హైమ ఎన్నడూ అడగలేదు. తర్వాత్తర్వాత ఆవిడ తల బాదుకున్నది అందుకే.

హైమకి అప్పటికే ఇద్దరు పోయారు. మొదటిది ఆడపిల్ల, బొబ్బిలిలో పుట్టింటి దగ్గర పుట్టి, పురిటిస్నానం కూడా చూడకుండా పోయింది. రెండోవాడు ఇక్కడే, పెద్దాసుపత్రిలో పుట్టాడు. ఇంటికి తెచ్చుకున్న వారంలో ఒక పొద్దున తొట్లోంచి తీయబోతే చల్లగా ఉన్నాడు. డాక్టర్లు అన్ని పరీక్షలూ చేసి, ఏ లోపమూ కనబడలేదన్నారు. ఏదో ఒక లోపం ఉందని చెప్పినా బాగుండును అనుకుంది హైమ. లోపం లేకుండా పోయిన బిడ్డని ఎలా కాపాడుకుంటారు?

డెబ్భైతొమ్మిది వసంతంలో మూడోవాడు పుట్టాడు. కాగితాల మీద ఆదిశేషు తండ్రి పేరు పెట్టారు, రామమోహన్ అని. హైమ మాత్రం ఆ పేరు పెట్టి ఒక్కసారి కూడా పిలవలేదు. పిలిస్తే వినేది వాడొక్కడే కాదని ఆవిడ భయం. వాడు నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టుకుని కూర్చునేది.

"నువ్వు కాసేపు పడుకో హైమా, నేను వాచ్ చేస్తా," అనేవాడు ఆదిశేషు.

"మీరు చూస్తూ చూస్తూ గురక పెడతారు."

"గురక పెట్టినా చెవులు పనిచేస్తాయి."

"ఊపిరి చెవులకి వినపడదండీ. ఆగిపోయాక తెలుస్తుంది," అంది హైమ.

బొబ్బిలి వైపు ఒక పద్ధతి ఉంది. పుట్టిన బిడ్డలు దక్కని తల్లి, తర్వాత పుట్టినవాణ్ని చేటలో పడుకోబెట్టి పరాయి ఇంటికి తీసికెళ్లి తవుడుకి అమ్మేస్తుంది. కొన్నవాళ్లు దోసెడు తవుడు ఆవిడ కొంగులో పోస్తారు. ఆ క్షణం నుంచి ఆ బిడ్డ వాళ్లింటి బిడ్డ. ఈవిడ పెంచుతుంది, అంతే. ఆ ఇంటికి అలవాటుపడిన చావు మళ్లీ వచ్చి తొంగిచూస్తే, తను వెతికే ఇంటి బిడ్డ కనబడడు. ఎవరిదో పరాయి బిడ్డ ఆడుకుంటూ ఉంటాడు. దారి తప్పానేమో అనుకుని వెళ్లిపోతుంది. హైమ మేనమామని అలాగే అమ్మారు. తవిటి మామయ్య. అరవై దాటినా దుక్కలా ఉన్నాడు.

హైమ ముందు రాధారాణిగారికి ఫోన్ చేసింది. గుంటూరు వైపు మనిషి, డాక్టరుగారి భార్య, ఇక్కడ ఏ పురుడైనా ఆవిడ చేతి మీదుగానే. ఇద్దరు కొడుకులు రత్నాల్లా ఉన్నారు. ఆవిడైతే కొంటుందని ఆశ.

"ఏంటమ్మాయ్, కొడుకుని అమ్ముతావా? అమెరికా వచ్చి ఇదేం పోయేకాలం?" అని పడీపడీ నవ్వింది రాధారాణి. "మా ఆయనకి తెలిస్తే నీకు తల టెస్టులు చేయిస్తారు."

"నవ్వకండక్కా."

"నవ్వక ఏడవమంటావా? పిల్లాణ్ని వేళకి చెకప్‌కి తీసుకెళ్లు. పిచ్చి మాటలు మానెయ్."

హైమ ఫోన్ పెట్టేసింది. నవ్వేవాళ్లకి అమ్మకూడదు. కొనేవాడు నిజంగా కొనాలి. ఆ సాయంత్రం వెనక మెట్లు దిగుతుంటే, జరెంబా ముసలాయన క్యాబేజీ మొక్క ముందు మోకాలి మీద కూర్చుని, ఆకుకి పట్టిన పురుగుని చేత్తో ఏరి పక్కన గడ్డిలో వదిలిపెడుతున్నాడు. చంపలేదు. హైమకి కొనేవాడు దొరికాడు.

తవుడు దొరకడమే కష్టమైంది. ఆదిశేషు కొట్లో అరలన్నీ వెతికి, తవుడుని ఇంగ్లీషులో బ్రాన్ అంటారని చెప్పి, బ్రాన్ అని పెద్దక్షరాలున్న ఓ పెట్టె పట్టుకొచ్చాడు. పొద్దున్నే పాలల్లో వేసుకుని తినేది. అందులో కిస్మిస్‌లు కూడా ఉన్నాయి. హైమ ఒక్కొక్క కిస్మిసూ ఏరి పక్కన పెట్టింది. తవుడులో తీపి తగిలితే చావుకి అనుమానం రాదూ?

చేట లేదు గనక బట్టలుతికే బుట్టలో దుప్పటి పరిచి పిల్లాణ్ని పడుకోబెట్టింది. ముసలాయన వంటింటి బల్ల మీద బుట్ట పెట్టి నిలబడింది. ఆదిశేషు చెవులెర్రబడ్డాయి. నేల చూపులు చూస్తూ అంతా ఇంగ్లీషులో విప్పి చెప్పాడు. ముసలాయన నవ్వలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"మా అమ్మ చెప్పేది," అన్నాడు. "వాళ్లూళ్లో జబ్బుపిల్లాణ్ని కిటికీలోంచి బిచ్చగత్తెకి అందించి, మళ్లీ గుమ్మంలోంచి తీసుకునేవారట. మొహం చూసి ఇచ్చేవారట, ఏ బిచ్చగత్తె పడితే ఆ బిచ్చగత్తెకి కాదు." తర్వాత అడిగాడు. "ఇది ఎంతకాలానికి?"

ఆదిశేషు ఏదో చెప్పబోయేలోగా హైమ అంది, "ఎప్పటికీ."

"అయితే వీడి పేరు?"

"మీ ఇంటిపేరు. అదే పిలుస్తాం. జరెంబా."

ముసలాయన బుట్టలోకి చెయ్యి చాపాడు. పిల్లాడు ఆయన చూపుడువేలు పట్టుకుని వదల్లేదు. "మా ఇంట్లో నాతో అయిపోయింది అనుకున్నాను," అన్నాడు. వాళ్లు తెచ్చిన తవుడు రెండు చేతుల్తో దోసెడు తీసి, హైమ చాచిన కొంగులో పోశాడు. ఆయన దోసిలి పెద్దది. కొంత నేల మీద కూడా పడింది.

అంతే, పిల్లాడు ఒళ్లు చేశాడు. ముక్కు దగ్గర వేలు పెట్టాల్సిన పని లేకుండా, పక్కగదిలోకి వినపడేంత గట్టిగా ఊపిరి తీసేవాడు. బోర్లాపడ్డాడు, పాకాడు, నడిచాడు. వెనక మెట్లు ఒక్కొక్కటే కూర్చుని దిగి ముసలాయన దగ్గరికి పోయేవాడు. ఆయన్ని జాదెక్ అని పిలిచేవాడు. వాళ్ల భాషలో తాత అని అర్థమట. పిస్కాటవే తెలుగువాళ్లలో ఇదొక వేడుకైపోయింది. "ఏమ్మా, మీ పోలండ్ అబ్బాయికి ఆవకాయ పెడుతున్నావా?" అని రాధారాణి కనపడ్డప్పుడల్లా ఆటపట్టించేది. "అందరూ తవుడుకి అమ్మితే నువ్వు బ్రేక్‌ఫాస్ట్‌కి అమ్మావు!" హైమ కూడా నవ్వేది. బిడ్డ బతికున్న తల్లికి ఎవరేమన్నా నవ్వొస్తుంది.

ఎనభై ఒకటి డిసెంబరు. వాడికి మూడో ఏడు నడుస్తోంది. ఒక ఆదివారం మధ్యాహ్నం వాణ్ని అన్నానికి పిలుద్దామని హైమ కిందికి దిగితే వంటిల్లు ఖాళీగా ఉంది. ఎన్నడూ తెరవని ముందుగది తలుపు బార్లా తీసి ఉంది. లోపల టీవీ మోగుతోంది. మంచులో ట్యాంకులు పోతున్నాయి, వాటి పక్కన చేతులు రుద్దుకుంటూ సిపాయిలు. పోలండ్‌లో సైన్యం వీధుల్లోకి వచ్చిందట. ముసలాయన కుర్చీలో కూర్చుని, ఎవరూ లేనట్టు పైకే ఏడుస్తున్నాడు. పిల్లాడు ఆయన ఒళ్లో నిలబడి చొక్కా చేతితో ఆయన కళ్లు తుడుస్తున్నాడు.

హైమ వాణ్ని ఎత్తుకుందామని అడుగు లోపల పెట్టింది. అప్పుడు చూసింది గోడని.

గోడ నిండా మగవాళ్లు. ఒక్కొక్కరు ఒక్కొక్క రకం సిపాయి దుస్తుల్లో.

"అమ్మా, దిస్ ఈజ్ కాజిక్!" అన్నాడు పిల్లాడు వేలు చూపించి, రోజూ అప్పజెప్పే పాఠంలా. "హీ హ్యాజ్ ఎ స్వోర్డ్."

ముసలాయన ముక్కు తుడుచుకుని లేచాడు. టీవీ గొంతు తగ్గించాడు. కొత్తచుట్టానికి ఇంట్లోవాళ్లని పరిచయం చేసినట్టు ఒక్కొక్కరి దగ్గరా నిలబడి చెప్పాడు. కత్తి పట్టుకున్నది కాజిక్, ముసలాయన తాత. ఫొటో కాదు, ఎవరో గీసిన బొమ్మ. రష్యావాళ్ల మీద తిరగబడి, అడవిలో మంచులో పోయాడు. అప్పటికి కొడుకు కడుపులో ఉన్నాడు. ఆ కొడుకే ఈయన తండ్రి. అమెరికా వచ్చి ఇనుము కరిగించుకుంటూ సుఖంగా బతుకుతున్నవాడు, మొదటి ప్రపంచయుద్ధంలో పోలండ్ కోసం సైన్యం కడుతున్నారని వినగానే నీలం కోటు తొడుక్కుని ఓడెక్కి ఫ్రాన్స్ వెళ్లాడు. అక్కడి మట్టిలోనే ఉన్నాడు. పక్కనున్నది ఈయన తమ్ముడు, రెండో ప్రపంచయుద్ధంలో, ఇటలీలో ఒక కొండ కింద. చివర, రంగుల ఫొటోలో, గుండు గీయించుకుని, పెదవి బిగబట్టి నవ్వాపుకుంటున్న కుర్రాడు, కొడుకు వాల్టర్. వియత్నాం. పందొమ్మిదేళ్లు.

"ఒక్కరూ తిరిగి రాలేదా?" అంది హైమ.

"జరెంబాలు వెళ్తారు," అన్నాడు ముసలాయన. "ఎవరూ పొమ్మనరు. మా అమ్మ కాళ్లు పట్టుకుంది నాన్నని. నేను వాల్టర్ బూట్లు దాచాను. వేరే బూట్లు వేసుకుని వెళ్లాడు." కాస్త ఆగి, నలిగిన కాలి మీద అరచేత్తో కొట్టుకున్నాడు. "నన్నే తీసుకోలేదు. రెండుసార్లు వెళ్లి నిలబడ్డాను. ఈ కాలు చూసి వెనక్కి పంపేశారు. అందుకే నేను ఆ గోడ మీద లేను."

ఆయన అది సిగ్గుపడుతూ చెప్పాడు. హైమ లెక్కేసుకుంది. ఆ ఇంట్లో ముసలితనం చూసినవాడు ఒక్కడే, అదీ అవిటివాడు గనక.

"వీళ్లని కన్న తల్లుల ఫొటోలేవి?" అని అడిగింది.

ముసలాయన తెల్లబోయాడు. ఆ ప్రశ్న ఎవరూ అడిగినట్టు లేదు. "ఉన్నాయి. సొరుగులో," అన్నాడు.

వాల్టర్ పక్కన, గోడకి ఇంకో మేకు ఉంది. దానికేమీ తగిలించి లేదు. హైమ దాన్ని చూసింది, ఆయన చూడటం కూడా చూసింది. పిల్లాణ్ని ఎత్తుకుని మెట్లెక్కేసింది.

బొబ్బిలిలో అయితే ఇలా జరిగేది కాదు. ఫలానా ఇంటికి అమ్ముతున్నామంటే, ఆ ఇంట్లో ఏడుతరాల్లో ఎవరెలా పోయారో వీధిలో కుక్కకి కూడా తెలుస్తుంది. ఇక్కడ ఆవిడ ఒక మనిషి మొహం, ఒక క్యాబేజీ పురుగు చూసి అమ్మేసింది. ఇంటిని చూడలేదు. తన ఇంటి చావు ఉయ్యాల దగ్గరికి వచ్చేది. ఈ ఇంటి చావు, పెంచి పెద్ద చేసి, మీసం మొలిచేదాకా ఆగి వస్తుంది.

"ఏవండీ, ఇక్కడ పిల్లలు సైన్యంలోకి వెళ్లి తీరాలా?" అని అడిగింది ఆ రోజే.

"లేదు. పద్దెనిమిది నిండాక పోస్టాఫీసుకెళ్లి పేరు రిజిస్టర్ చేయించుకోవాలి. మొన్ననే మళ్లీ పెట్టారా రూలు. ఊరికే ఫార్మాలిటీ."

"ఏ పేరు?"

"వాడి పేరేనే పిచ్చిదానా. రామమోహన్. జరెంబా అని కాదు."

ఆయన నవ్వాడు. హైమ నవ్వలేదు. చావు కాగితాలు చదివే రకమైతే మొదటి ఇద్దరికీ కూడా చక్కటి పేర్లే ఉన్నాయి.

అప్పటికీ ఆవిడ ఏమీ చేయలేదు. ఏం చేస్తుంది? వెనక్కి తెచ్చుకుంటే మళ్లీ తన ఇంటి బిడ్డవుతాడు. తన ఇంట్లో బిడ్డలేమవుతారో తెలిసిందే. అమ్మడం ఎలాగో అమ్మమ్మ చెప్పింది గానీ, వెనక్కి కొనుక్కోవడం ఎలాగో చెప్పలేదు. ఎవరికీ ఆ అవసరం రాలేదు కాబోలు. అలా రెండేళ్లు, ఉలిక్కిపడుతూ గడిపింది. పిల్లాడు కర్ర భుజాన పెట్టుకుని పెరట్లో కవాతు చేస్తే కర్ర లాక్కునేది. వాడు వేలినే తుపాకీ చేసుకునేవాడు. వేలిని ఎక్కడ దాస్తుంది?

ఎనభై మూడు అక్టోబరులో మరో ఆదివారం. దూరదేశంలో అమెరికా సిపాయిలున్న భవంతిని బాంబుతో కూల్చేశారు. టీవీలో రోజుల తరబడి అదే. శిథిలాలు, ఆ తర్వాత ఇళ్ల ముందు ఆగే కార్లు, గుమ్మంలో నిలబడ్డ తల్లులు. ఒక తల్లి తలుపు తీయకుండా లోపల్నించి, "వద్దు, వెళ్లిపొండి, వెళ్లిపొండి," అని అరుస్తోంది. ఇంగ్లీషే అయినా హైమకి ఒక్క అక్షరం వదలకుండా అర్థమైంది. లేచి, బ్రాన్ పెట్టె తీసుకుని కిందికి దిగింది.

ముసలాయనకి అప్పటికే గుండె దెబ్బతింది. మంచాన్ని ముందుగదిలోకి మార్పించుకుని ఆ గోడ కిందే పడుకుంటున్నాడు.

"ఏం తెచ్చావు?"

"తవుడు. మీది మీరు తీసుకోండి. మాది మాకివ్వండి."

ఆయనకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"నేను వాణ్ని ఎక్కడికీ పంపను హైమా."

"మీరు వాల్టర్‌ని మాత్రం పంపారా?" అంది. అనేశాక కూడా మాట వెనక్కి తీసుకోలేదు.

ముసలాయన లేచి కూర్చుని, రెండు చేతులూ దోసిలి పట్టాడు. ఆ దోసిట్లో హైమ తవుడు పోసింది. "తీసుకుపో," అన్నాడు. "మంచి పనే చేస్తున్నావు. మా అమ్మ కూడా ఎక్కడికైనా తీసుకుపోయి ఉంటే బాగుండేది." ఏడవలేదు. ట్యాంకుల్ని చూసి ఏడ్చినవాడు, దీనికి ఏడవలేదు.

పిల్లాడికి చెప్పక తప్పలేదు. ఇంక నువ్వు జరెంబావి కావు, రామమోహన్‌వి అని చెప్పింది. వాడు తలెత్తి చూశాడు.

"జాదెక్ నన్ను వద్దన్నాడా?"

"లేదు నాన్నా. అప్పుడు నిన్ను అమ్మాను. ఇప్పుడు మళ్లీ తెచ్చుకున్నాను."

"నువ్వు నన్ను సెల్ చేశావా?"

హైమ అన్నం కలిపి ముద్ద పెట్టబోయింది. వాడు ఆ రోజు అన్నం తినలేదు. రామమోహన్ అని పిలిస్తే పలికేవాడు కాదు. కిందికి వెళ్లొద్దంటే, మెట్ల మీద కూర్చుని కింది తలుపుకేసి చూసేవాడు.

జనవరిలో జ్వరం పట్టుకుంది. ముందు మామూలు దగ్గన్నారు. తర్వాత ఊపిరి తీస్తుంటే డొక్కలెగరేయడం మొదలైంది. ఆసుపత్రిలో ప్లాస్టిక్ గుడారం లాంటి దాన్లో పడుకోబెట్టారు. డాక్టరు ఆదిశేషుని పక్కకి పిలిచి మాట్లాడాడు. ఆదిశేషు తిరిగొచ్చి, "మందులు మారుస్తున్నారు," అన్నాడు. ల్యాబ్‌లో మందులు చేసే మనిషి, ఆ మందుల పేర్లు మాత్రం చెప్పలేదు.

"ఏటన్నాడు? నిజం చెప్పండి."

"వెయిట్ చేయాలన్నాడు."

హైమ అద్దంలోంచి వాడి మొహం చూసింది. రెండోవాడి మొహం అది. అదే నీలం పెదవులు. దారి తప్పిపోయిన చావు చిరునామా కనుక్కుని వచ్చేసింది. తనే కదా చెప్పింది, మాది మాకివ్వండి అని.

"నన్ను ఇంటికి తీసికెళ్లండి."

"ఇప్పుడా? వాణ్ని వదిలా?"

"మీకు దణ్ణం పెడతాను. కారు తీయండి."

ఆదిశేషు ఆ మొహం చూసి కారు తీశాడు. మిట్టమధ్యాహ్నం, రోడ్డు పక్కలంతా మురికిమంచు. దారిలో ఒక్కసారి మాత్రం అన్నాడు, "హైమా, ఆ ఇంట్లో సంగతి నువ్వే కదా చెప్పావు. ఆ గోడ సంగతి."

"తెలుసు."

"తెలిసే అమ్ముతావా?"

"తెలిసే," అంది హైమ. "ఈ పూట బతకనియ్యండి. పద్దెనిమిదో ఏటి ఏడుపు పద్దెనిమిదో ఏట ఏడుస్తాను."

ముసలాయన మంచం మీద సగం కళ్లు మూసుకుని ఉన్నాడు. పక్కింటావిడ ఎవరో కూర్చుని ఉంది. పెట్టె కోసం పైకి వెళ్లక్కర్లేకపోయింది. ఆనాడు ఆవిడ తిరిగిచ్చిన తవుడు ఆయన తలాపున గాజుగిన్నెలో అలాగే ఉంది. పారబోయలేదు. హైమ ఆయన చెవి దగ్గర వంగింది.

"పిల్లాడికి బాగాలేదు. మళ్లీ కొనండి."

ముసలాయన కళ్లు తెరిచాడు. గోడ వైపు చూశాడు. తల అడ్డంగా ఊపాడు. "వద్దు," అన్నాడు. పెదవులు మాత్రమే కదిలాయి. "ఈ ఇల్లు వద్దు."

"కొనండి. మీ కాళ్లు పట్టుకుంటాను, కొనండి."

ఆయన చేతులెత్తలేదు. ఎత్తలేకపోయాడో, ఎత్తకూడదనుకున్నాడో, హైమకి చివరిదాకా తెలియలేదు. ఆవిడే తవుడు తీసి ఆయన అరచేతిలో పోసింది. ఆ వేళ్లని తనే మూసింది. ఆ పిడికిలిని తనే ఎత్తి, తన కొంగు మీద తనే విప్పింది. పక్కింటావిడ గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది. గుమ్మంలో నిలబడ్డ ఆదిశేషు మొహం తిప్పుకున్నాడు. రంగుల ఫొటోలో వాల్టర్ నవ్వాపుకుంటూనే ఉన్నాడు.

మర్నాటికి పిల్లాడి జ్వరం దిగింది. మందులు పట్టాయన్నాడు డాక్టరు. ఆదిశేషు కూడా అదే అన్నాడు. హైమ ఎవరితోనూ వాదించలేదు. ఇంటికి తీసుకొచ్చిన రోజు, "జరెంబా," అని పిలిచింది. చాన్నాళ్లకి వాడు, "ఊ," అని పలికాడు.

ముసలాయన ఈస్టర్‌కి ముందే పోయాడు. చర్చిలో ఫాదరు, ఇంటివాళ్లెవరైనా ఉంటే ముందు బెంచీకి రండని అడిగితే ఎవరూ లేవలేదు. హైమ చేతిలోంచి చెయ్యి విడిపించుకుని పిల్లాడొక్కడు నడిచివెళ్లి కూర్చున్నాడు. అంత పొడుగు బెంచీ మీద, నేలకి అందని కాళ్లతో.

అప్పుడు తెలిసింది హైమకి, ఇంక తిరిగి కొనుక్కోవాలన్నా ఇచ్చేవాడు లేడని.

ఇల్లు అమ్మకానికి పెట్టారు. చికాగో నుంచి ముసలాయన భార్య తరపు మేనకోడలు వచ్చింది. సామాన్లు సర్దుతూ గోడ దగ్గర ఆగిపోయి, పైనుంచి హైమని పిలిచింది.

"ఈ చివర ఉన్న జరెంబా ఎవరు?"

వాల్టర్ పక్కన మేకుకి చిన్న ఫొటో వేలాడుతోంది. నర్సరీ బడిలో తీసినది. తలకి నూనె రాసి, పక్కపాపిడి తీసి, చొక్కా పైగుండీ దాకా పెట్టి హైమే పంపింది ఆ రోజు. నల్లటి బుగ్గలు, ముందుపళ్ల సందు.

"నేనే," అన్నాడు వెనకే దిగివచ్చిన పిల్లాడు. "జాదెక్ సిక్‌గా ఉన్నప్పుడు కుర్చీ ఎక్కి పెట్టాను. అందరూ ఉన్నారు కదా."

"జాదెక్ పెట్టమన్నాడా?"

"లేదు. వద్దు తీసెయ్ అన్నాడు. నేను తీయలేదు."

మేనకోడలికి ఆ పటాలతో పని లేదు. పిల్లాడికి ఇచ్చేయమని ముసలాయన ఫోన్‌లో చెప్పాడట, మేకు మీది ఫొటో మాత్రం వాళ్లమ్మ చేతికివ్వమన్నాడట. పాతపేపర్లలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి ఇచ్చింది. తల్లుల ఫొటోలున్న సొరుగు ఎవరికీ గుర్తు రాలేదు. బల్లతోపాటు అదీ ఎవరో పట్టుకుపోయారు.

వీళ్లు ఊళ్లోనే మరో అపార్ట్‌మెంట్‌లోకి మారారు. మారిన రోజే పిల్లాడు అట్టపెట్టె విప్పి, పటాలన్నీ వరసగా గోడకి ఆనించి నిలబెట్టాడు. ఏ ఒక్కరి వరసా తప్పలేదు. చివర తన ఫొటో కోసం హైమ చెయ్యి చూశాడు. ఆవిడ పిడికిలి విప్పి ఇచ్చింది. వాడు వెళ్లి తండ్రి పనిముట్ల డబ్బాలోంచి సుత్తి తెచ్చాడు.

"అమ్మా, నెయిల్స్ పట్టుకో."

హైమ గుమ్మం వైపు చూసింది. ఆదిశేషు ఇంకా రాలేదు. వద్దనాలనుకుంది. వద్దంటే వాడు రామమోహన్ అయిపోతాడు. రామమోహన్ రాత్రిళ్లు ఎలా ఊపిరి తీస్తాడో ఆవిడ చూసింది. జరెంబా అయితే గురకపెట్టి నిద్రపోతాడు, పొద్దున్నే లేస్తాడు, ఇడ్లీ కావాలని మారాం చేస్తాడు, పొడుగవుతాడు. పొడుగవుతాడు. ఆ తర్వాతిది ఆలోచించకుండా ఉండటానికి కిందికి వంగి డబ్బాలోంచి ఒక మేకు ఏరుకుంది.

గోడకి మేకు ఆనించి, రెండు వేళ్లతో గట్టిగా పట్టుకుంది. పిల్లాడు రెండు చేతుల్తో సుత్తి ఎత్తాడు.

"మెల్లిగా నాన్నా," అంది. "నీ వేలు జాగ్రత్త."